రెడీమేడ్ కుర్తీ ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు: నా ఒంటి తీరుకు ఏవి సరిపోతాయో ఎలా తెలుసుకోవాలి?

ఎల్ సైజు కొంటే హిప్ దగ్గర పట్టేస్తోంది, ఎక్స్ఎల్ కొంటే భుజాలు జారిపోతున్నాయి, బరువు తగ్గితే గానీ ఏదీ నప్పదా అని అడిగారు. బరువు సంగతి ముందు పక్కన పెట్టండి. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఒకసారి పట్టుబట్టి ఆరు కిలోలు తగ్గాను కూడా. నడుం దగ్గర వదులైంది తప్ప, మిగతా ఇబ్బందులన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఛాతీ 35, నడుం 31, హిప్ 41. చుడీదార్ వేసుకుంటే ఫర్వాలేదు గానీ, అనార్కలీ వేసుకున్న రోజు మాత్రం చూసిన ప్రతివాళ్లూ "కాస్త ఒళ్లు చేసినట్టున్నావే" అనేవాళ్లు. ఎందుకో అర్థమయ్యేది కాదు. షాపుల్లో ట్రయల్ రూం అద్దం ముందు నిలబడి ఏడుపొచ్చిన రోజులున్నాయి.

నాలుగేళ్ల కిందట మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. హైదరాబాద్‌లో ఒక బొటిక్‌లో కుట్టించుకున్న పట్టుచీర జాకెట్టు వేసి చూసుకుంటే చెయ్యి పైకెత్తలేను. పెళ్లికి ఇంకా రెండు రోజులే ఉంది, ఒకటే టెన్షన్. మా పెద్దమ్మ పక్కవీధిలో ఉన్న మామ్మగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. అలవాటుగా నా ఆది జాకెట్టు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తిరగేసి, పక్కకుట్టు దగ్గర వేలు పెట్టి చూపించారు. కుట్టి విప్పిన సూది కన్నాలు మూడు వరసలున్నాయి.

"ఇది నీ ఒంటి కొలత కాదమ్మా. ఎవరో తప్పు కుట్టి, విప్పి, మళ్లీ కుట్టినదాని కొలత. దీన్ని చూసి కుట్టిన ప్రతివాడూ ఆ తప్పునే కొలిచి కుట్టాడు" అన్నారు.

నిజమే. ఆ ఆది జాకెట్టు నా డిగ్రీ రోజులది. ఊరు మారినా, టైలర్లు మారినా నేను ఇచ్చేది అదే.

తర్వాత కొత్త జాకెట్టు వేయించి, దండెం మీద బట్టలు ఆరేసినట్టు రెండు చేతులూ ఎత్తమన్నారు. ఎత్తగానే జాకెట్టు కింద అంచు నాలుగు వేళ్లు పైకి లేచింది. "చంక దగ్గర ఇంకాస్త వదులు చెయ్యండి మామ్మగారూ" అన్నాను. అందరం అదే అడుగుతాం కదా. ఆవిడ తల అడ్డంగా ఊపి, "వదులు ఎక్కువయ్యే ఈ తంటా" అన్నారు. చంక మరీ కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడల్లా అది పక్కబట్టను మొత్తం లాగుతుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటే చెయ్యి మాత్రమే కదులుతుంది, జాకెట్టు కదలదు. ఆవిడ భుజం కుట్టు విప్పి, ముప్పావు అంగుళం పైకెత్తి, చేతులు మళ్లీ ఎక్కించారు. పెళ్లిలో తలంబ్రాల పళ్లెం ఎత్తి పట్టుకున్నాను, ఫొటోల కోసం పెళ్లికూతురి జడ సర్దాను, ఒక్కసారి కూడా జాకెట్టు కిందికి లాక్కోలేదు.

కానీ నా కళ్లు తెరిపించింది ఆ తర్వాతి మాట. భుజం మీద, మెడ పక్కన టేపు పెట్టి, ఛాతీ మీదుగా నడుం దాకా కొలిచి, "పదమూడున్నర. పెద్దవాళ్ల జాకెట్లకీ గౌన్లకీ మామూలుగా పదిహేను పెట్టి కత్తిరిస్తారు. నీకు నడుం పైకుంది తల్లీ, కాళ్లు పొడవు" అన్నారు. అప్పటిదాకా నా ఒంటి గురించి లావు, సన్నం అన్న మాటలే విన్నాను. పొడవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పొట్టిదాన్ని కాబట్టి నా కాళ్లూ పొట్టివే అనుకున్నాను. అనార్కలీలో లావుగా కనిపించడానికి కారణం ఒళ్లు కాదు, ఆ ఒకటిన్నర అంగుళం. దాని నడుం అతుకు నా నడుం మీద కాకుండా పొట్ట మీదికి దిగేది. అక్కడి నుంచి కుచ్చులు మొదలైతే ఎవరైనా లావుగానే కనిపిస్తారు.

అందుకే మీరు ముందు చుట్టుకొలతలు కాదు, పొడవులు తీసుకోండి. నడుం ఎక్కడుందో చూడడానికి ఒక తాడు పొట్ట చుట్టూ వదులుగా కట్టుకుని, రెండు పక్కలకీ ఒంగి లేవండి. తాడు తనంతట తానే వెళ్లి ఎక్కడ ఆగిందో అదే నడుం. మనం లంగా కట్టుకునే చోటు చాలామందికి దానికంటే కిందే ఉంటుంది. తర్వాత చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఇంట్లో ఎవరిచేతనైనా తల మీద, భుజం దగ్గర, తాడు దగ్గర, హిప్ బాగా వెడల్పుగా ఉన్నచోట, మోకాలి దగ్గర పెన్సిల్‌తో గీతలు పెట్టించుకోండి. నా గోడ మీద ఎత్తు 61 అంగుళాలు, నేల నుంచి నడుం 39. పాప ఎత్తు కొలిచే గోడే అది, నా గీతలు ఇప్పటికీ దాని పక్కనే ఉన్నాయి. ఆ గీతల ముందు నిలబడి మీ అల్మారాలో ఉన్న కుర్తీ ఒకటి పట్టుకుని చూస్తే, దాని నడుం మలుపు మీ నడుం గీతకు పైన పడుతోందో కింద పడుతోందో చూడగానే తెలిసిపోతుంది.

భుజాలకు మాత్రం టేపు కావాలి. వీపు వైపు, ఈ భుజం ఎముక చివర నుంచి ఆ భుజం ఎముక చివరికి కొలవండి. బట్టలో ఆ కొలత తప్పితే సరిచేయడం చాలా కష్టం. చేతులు విప్పాలి, చంక రౌండు మారుతుంది, మెడ కూడా లాగేస్తుంది. పక్కలు పట్టడం, పొడవు మడవడం మాత్రం ఏ టైలరైనా పావుగంటలో చేసిచ్చే పని. అందుకే కొనేటప్పుడు ముందు భుజం చూస్తాను. భుజం కుట్టు నా ఎముక దాటి చేతి మీదికి దిగితే, రంగు ఎంత నచ్చినా సరే, అక్కడే పెట్టేసి వచ్చేస్తాను.

ఇందులో మన తప్పేమీ లేదని కూడా చెప్పాలి. కంపెనీలు ఒక నమూనా ఒంటికి కత్తిరించి, దాన్నే అన్ని వైపులా పెంచుకుంటూ పోతాయి. హిప్ పెద్దదైతే భుజమూ పెద్దదే అవుతుందన్నట్టు ఉంటుంది ఆ లెక్క. పైగా మన మనుషుల కొలతలతో చేసిన సైజుల పట్టిక చాలాకాలం లేనే లేదు, బయటి దేశాల పట్టికల్నే అటూ ఇటూ మార్చి వాడుకున్నారు. 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచి మన సైజులు తయారు చేసే ప్రాజెక్టును కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 2018లో ప్రకటించింది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది.

చీరకూ ఈ లెక్క వర్తిస్తుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చీర వెడల్పు దాదాపు 45, 46 అంగుళాలు. నేను లంగా కట్టే చోటు నుంచి నేలకు 37. మిగిలిన ఎనిమిది తొమ్మిది అంగుళాల బట్టా లోపలికే దోపాలి. గంజి పెట్టిన మంగళగిరి కాటన్ అయితే అదంతా నడుం చుట్టూ లావుగా పోగుపడుతుంది. నాడా దగ్గర కుచ్చులు పడే లంగా మానేసి, నడుం దగ్గర సాఫీగా ఉండే పట్టీ లంగా కుట్టించుకున్నాక చాలా తేడా వచ్చింది. కుచ్చిళ్లు ఒక్కసారే గుప్పెడు దోపకుండా, ముందు చుట్టూ చదునుగా దోపుకుంటూ రావాలి. అంచు విషయం కూడా చూసుకోండి. పది అంగుళాల గద్వాల్ అంచు నా మీద, నడుం నుంచి పాదాల దాకా కనిపించేదాంట్లో పావు వంతు పైనే ఆక్రమిస్తుంది. నాలుగు అంగుళాల అంచైతే నేను కనిపిస్తాను. గద్వాల్ అంటే నాకు ప్రాణం, అందుకే చిన్న అంచువి వెతికి కొనుక్కుంటున్నాను.

మగవాళ్లకూ ఇంతే. మా తమ్ముడు పొట్ట కోసం 42 చొక్కా కొనేవాడు, భుజాలు వేలాడేవి. ఇప్పుడు భుజానికి సరిపోయే 40 తీసుకుంటున్నాడు, అందులో స్లిమ్ ఫిట్ కాకుండా మామూలు ఫిట్. పొట్ట దగ్గర గుండీలు లాగడం లేదు.

ఇక మీ ఎల్, ఎక్స్ఎల్ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి మీ భుజం ఎల్‌కి సరిపోతోంది, ఇబ్బంది హిప్ దగ్గరే. ఎల్ తీసుకోండి. కుర్తీ పక్క స్లిట్ ఎక్కడ మొదలవుతోందో చూడండి. అది మీ హిప్ వెడల్పుగా ఉన్నచోటుకంటే కింద ఉంటే, బట్ట అక్కడ ఇరుక్కుని పైకి పాకుతుంది. కూర్చుంటే ఇంకా ఎక్కువ. టైలర్‌తో స్లిట్ రెండు అంగుళాలు పైకి విప్పించి, అంచు మడిచి కుట్టించండి. ఎక్కడిదాకా విప్పాలో కుర్తీ వేసుకుని, నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని గుర్తు పెట్టించుకోండి. నా ఎం సైజు కుర్తీలన్నీ నేను అలా చేయించుకున్నవే. కింద లెగ్గింగ్స్ బదులు స్ట్రెయిట్ ప్యాంటు వేసుకుంటే స్లిట్ పైకి ఉన్న సంగతే తెలియదు.