మార్చిలో డబ్బుంది, జూన్‌లో జీతాలకు లేదు: సమాధానం

అక్కా, కళ్యాణదుర్గం దగ్గర మీరు నడిపే సాయంత్రం బడి ట్రస్టుకు మార్చి 31న బ్యాంకులో 4 లక్షలు ఉన్నా జూన్ వచ్చేసరికి టీచర్లకు జీతాలు ఇవ్వలేకపోయామని, ఎక్కడ తేడా వచ్చిందో తెలియట్లేదని రాశారు కదా. ఆ 4 లక్షలూ జీతాలకు వాడుకోవచ్చనుకున్నారు, చిక్కు అక్కడే వచ్చింది. అందులో 3 లక్షలు లైబ్రరీ గది కోసమే దాత ఇచ్చారని మీరే చెప్పారు, అంటే చేతిలో ఉన్నది లక్షే, నెలకు 50 వేల ఖర్చంటే ఏప్రిల్, మే గడిచేసరికి అయిపోతుంది. కడపలో మా ట్రస్టుకూ ఇదే జరిగింది, ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

ముందు దాత షరతు పెట్టిన డబ్బుకు వేరే ఖాతా తెరవండి. తర్వాత గత 5 ఏళ్ల ఆడిట్ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఏడాది చివర షరతు లేని డబ్బు ఎంత మిగిలింది, అది ఎన్ని నెలల ఖర్చుకు వస్తుంది, మొత్తం విరాళాల్లో ఒకే పెద్ద దాత వాటా ఎంత, ఈ మూడూ రాయండి. ఆ నెలలు ఏటా తగ్గుతూ, దాత వాటా పెరుగుతూ ఉంటే కొత్త సెంటర్ ఇప్పుడే తెరవొద్దు, దయచేసి.

మిగిల్చితే పన్ను పడుతుందని భయపడకండి. ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాలకు ఖర్చు పెడితే మిగతా 15 శాతం బ్యాంకులో దాచుకోవచ్చు. కనీసం మూడు నెలల జీతాలు అలా పక్కన పడేదాకా ఊళ్లోవాళ్ల దగ్గర నెలకు 200, 500 చొప్పున చిన్న విరాళాలు అడగండి, ఇస్తారు.