రోడ్డు పక్కన రాయి పెట్టే ముందు

హనుమకొండ

చిరంజీవి శ్రావ్యకు మామయ్య ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం నాడు మన చెరువు వెనుక చెలకల్లో విమానం కూలి అందులోని వాళ్లంతా చనిపోయారని ఊరి పెద్దలు చెబుతారు కదా, ఆ చోటికి ఎదురుగా రోడ్డు పక్కన నువ్వూ నీ స్నేహితులూ స్మారక శిల నిలబెడుతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముఖం కూడా ఎరుగని మనుషుల కోసం మా కోడలు ఇంత పూనుకున్నదని విని చాలా గర్వపడ్డాను. సంక్రాంతి లోపే పని ముగిస్తారని ఆమె అన్న తరువాత మాత్రం నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా రోడ్లు కొలిచినవాణ్ణి కనుక, రోడ్డు పక్క రాళ్ల గతి ఏమవుతుందో నాకు తెలుసు.

చందాల లెక్క ఒక పుస్తకంలో రాయించు. గ్రామ పంచాయతీ తీర్మానం నోటిమాటగా కాక కాగితం మీద తీసుకో. వీటి గురించి నీకు ఎక్కువ చెప్పనక్కర లేదు.

చెప్పవలసింది జాగ గురించి. నేను సర్వీసులో ఉండగా పరకాల దిక్కు ఒక ఊళ్లో యువకులు, సైన్యంలో చనిపోయిన తమ ఊరి జవానుకు రాయి పెట్టారు. వచ్చేపోయే వాళ్లందరికీ కనబడాలని తారు అంచుకు నాలుగడుగుల్లోనే, మోరీ పక్కన గద్దె కట్టారు. జాగ ఖాళీగా ఉంది కదా అనుకున్నారే తప్ప, అది రోడ్డు హద్దులోకి వస్తుందా అని ఎవరినీ అడగలేదు. రాయి మీద జవాను పేరు బెత్తెడైతే ఆవిష్కరించిన నాయకుడి పేరు మూరెడు. పుట్టిన సంవత్సరం ఎవరో చెప్పింది విని చెక్కించారు. అది పెద్దకొడుకుదని తల్లి వచ్చి చెప్పాక దాని మీద రంగు పూసి, పక్కన ఇంకో అంకె రాశారు. కొన్నాళ్లకు రోడ్డు వెడల్పు పని వచ్చింది. నేను టేపు పట్టుకుని వెళ్లేసరికి గద్దె మొత్తం కొత్త తారు కిందికి పోయే లెక్కలో ఉంది. జేసీబీ నడిపే పిల్లవాడు మంచివాడు, రాయికి దెబ్బ తగలకుండా లేపి పంచాయతీ ఆఫీసు వెనుక దించాడు. మళ్లీ ఎక్కడ నిలబెట్టాలనే దగ్గర ఊరు రెండయింది: ఆ నాయకుడి పేరున్న రాయిని తమ వాడలో పెట్టనిచ్చేది లేదని రెండో పార్టీ వాళ్లు పట్టుబట్టారు. తరువాత బిల్లుల పని మీద నేను వెళ్లినప్పుడు రాయి బోర్లా పడి ఉంది, దాని మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. జవాను తల్లి నన్ను చూసి, “సారూ, బస్తాలు ఎప్పుడు తీస్తరు?” అని అడిగింది. నేను చెప్పగలిగిందేమీ లేకపోయింది.

ఇప్పుడైతే చట్టం కూడా ఒప్పుకోదు. ప్రజల రోడ్ల మీద, కాలిబాటల మీద, వాటి పక్క జాగల్లో విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ ఇకపై అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. అందుచేత హద్దురాయికి లోపలి వైపు, పట్టా భూమిలో చోటు చూడు. గుంట భూమి కూడా అవసరం లేదు. రైతు ఇష్టపడి ఇస్తానంటే తహసీల్దారు దగ్గర కాగితం చేయించు. ఆయన మాట మీద ఉంటాడు, ఆయన కొడుకులు ఉంటారని ఎట్లా అనుకుంటాం?

ఇక రాత సంగతి. ఊళ్లో అది “నిజాం విమానం” అంటారు గనుక రాయి మీద అదే వేద్దామన్నావట, వద్దు బిడ్డా. నిజాం డబ్బిచ్చిన మాట వాస్తవమే. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రనుకు విమానాలు ఆయన డబ్బుతోనే వచ్చాయి, రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపిన 152వ స్క్వాడ్రనుకు కూడా హైదరాబాద్ పేరే ఉంది. అయితే ఆ స్క్వాడ్రను 1940లో పోరాడింది ఇంగ్లండు ఆకాశంలో, తరువాత వెళ్లింది బర్మా యుద్ధానికి. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం 1930 నుంచి ఉన్నది కాబట్టి మన మీదుగా విమానాలు తిరిగాయన్నది నమ్మదగిన మాటే, కానీ కూలినది ఎవరిదో దానివల్ల తేలదు.

పేర్లు దొరికే దారి వేరే ఉంది. పెద్దవాళ్లు తేదీ చెప్పలేరు; ఏ పంట కోతల్లో పడింది, ఏ పండుగకు ముందు అని అడిగితే నెల తేలుతుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలను చనిపోయిన తేదీని బట్టి వెతకవచ్చు. దక్షిణ, తూర్పు భారతంలో చెల్లాచెదురుగా ఉండి, ఇక ముందు చూసుకునే భరోసా లేని రెండో యుద్ధకాలపు సమాధులను ఒక్క చోటికి చేర్చడానికి 1952లో చెన్నై నందంబాక్కంలో మద్రాసు యుద్ధ శ్మశానవాటికను ఏర్పాటు చేశారు. అక్కడ ఒకే తేదీన, ఒకే దళంలో చనిపోయిన వైమానికులు నలుగురైదుగురు పక్కపక్కన కనబడితే అక్కడి నుంచి వెతుకు. నువ్వు ఫొటో పంపిన, గుమ్మికి మూతగా వాడుతున్న రేకు అంచున రివెట్ల వరుస ఉంది. మట్టి తుడిచి అచ్చుకొట్టిన అంకెలున్నాయేమో చూడు, ఉంటే వాటితో విమానం రకం పోల్చుకోవచ్చు. పేర్లు దొరికేవరకు రాయి చెక్కించవద్దు. దొరికాక హోదా చూడకుండా అందరివీ ఒకే కొలత అక్షరాల్లో వేయించు, ఆ కమిషను తన రాళ్లకు పాటించే పద్ధతి కూడా అదే. ఆవిష్కరించినవారి పేరు అసలే వద్దు. సర్పంచికి కోపం వస్తే నా మీదికి నెట్టెయ్.

ఆ చెలకలో తవ్వుతామని మీ వాళ్లెవరో అన్నారట. వద్దు. యుద్ధవిమానంలో తూటాలుంటాయి, బాంబులూ ఉండవచ్చు, ఎన్నేళ్లు మట్టిలో ఉన్నా వాటిని నమ్మలేం. నాగలికి ఇనుప వస్తువేదైనా తగిలితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. ఈ ఒక్క మాట వినకపోతే నేనే వచ్చి మీ అమ్మ ముందు నిన్ను నిలబెడతాను. చిన్నప్పుడు బావిలోకి తొంగిచూసి నా చేత దెబ్బలు తిన్నదానివి, నీ సంగతి నాకు తెలియదా?

రాయి కరీంనగర్ నుంచి తెస్తానంటే సరే, కానీ అక్కడి గోధుమరంగు గ్రానైటు మీద చుక్కలెక్కువ, అక్షరాలు వాటిలో కలిసిపోతాయి. నల్లది తీసుకుని లోతుగా చెక్కించు, రంగుతో రాయించవద్దు. ఆవిష్కరణ రోజు జనం తారు మీద నిలబడకుండా తాడు కట్టించు. మలుపు దగ్గర ఇసుక లారీలు ఆగవు.

ఆదివారం టేపు తీసుకుని వస్తాను, అత్తమ్మ కూడా వస్తానంటోంది. అంతకు ముందే రైతు పాసుపుస్తకం నకలు, సర్వే నంబరు పంపు.

ఇట్లు,
మీ మామయ్య