మిల్లులో దెబ్బ తగిలిన రోజులను సెలవుగా రాయవచ్చా? – సమాధానం

తణుకు దగ్గర ముప్పై మంది పనిచేసే రైస్ మిల్లులో ఎలివేటర్ బెల్టులో పడి మీ తమ్ముడి రెండు వేళ్లు నలిగాయని, ఐదు రోజులు పనికి వెళ్లలేకపోయాడని, ఆసుపత్రి బిల్లు కట్టిన గుమస్తా ఇప్పుడు ఆ రోజులను సొంత సెలవుగా రాసి సంతకం అడుగుతున్నారని రాశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి.

ప్రమాదం వల్ల కార్మికుడు వెంటనే 48 గంటలు లేదా అంతకు మించి పని చేయలేకపోతే యాజమాన్యం అధికారులకు నోటీసు పంపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ 48 గంటల గీత అలాగే ఉంది. బిల్లు కట్టడం మంచిదే కానీ, అది నోటీసుకు బదులు కాదు.

జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత ఉందన్నారు కాబట్టి అసలు ఆధారం ప్రమాదాల పుస్తకం, అంటే ఫారం 11. అందులో మీ తమ్ముడే కాదు, అతని తరఫున మీరు రాయించినా అది యాజమాన్యానికి నోటీసు ఇచ్చినట్టే. తేదీ, వేళ, ఏ యంత్రం, ఏ చేయి, ఎవరు చూశారు అన్నవి తప్పకుండా ఉండాలి. దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరు. తర్వాత ఒకే కలంతో నెలంతా నింపేస్తారు, చూడగానే తెలిసిపోతుంది. అందుకే ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఫారం 12, అంటే ప్రమాద నివేదికను ఈఎస్ఐకి పంపాల్సింది యజమానే. పంపకపోతే ఆసుపత్రి చీటీల నకళ్లు జతచేసి ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.