చుంచెలుకలున్న గది ఊడ్చాక జ్వరం... కొత్త వైరస్సేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కృష్ణా డెల్టాలో ఓ పల్లెటూరు. పాత పెంకుటిల్లు. ధాన్యం బస్తాలు వేసే గదిలో చుంచెలుకలు, చిట్టెలుకలు బాగా చేరాయి. పోయిన ఆదివారం మా మామయ్య గారు ఆ గదంతా ఊడ్చారు. మర్నాడు సాయంత్రానికే జ్వరం వచ్చింది, ఇవాళ్టికి నాలుగో రోజు. పిక్కలు పట్టేస్తున్నాయంటున్నారు, కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన రోజూ చెప్పుల్లేకుండా పొలంలో దిగుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే తగ్గి మళ్లీ వస్తోంది. చైనాలో చుంచెలుకల నుంచి మనుషులకు కొత్త వైరస్ వచ్చిందని వాట్సాప్‌లో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నాకిప్పుడు ఐదో నెల. ఇల్లు ఖాళీ చేయాలా? మందు పెట్టి చుంచెలుకలన్నిటినీ చంపేయాలా?
- ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, వైరస్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మామయ్య గారిని ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రేపటిదాకా చూద్దామనుకోవద్దు.

నాలుగు రోజుల జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు, వరి మడిలో ఉత్త కాళ్లతో దిగే మనిషి. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే నాకు మొదట తట్టేది లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరం అంటారు. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. ఎలుకలు, పందికొక్కులు, చుంచెలుకల మూత్రంతో మడి నీళ్లలో కలుస్తుంది. కాలి పగుళ్ల నుంచి, గీరుకున్న చోటు నుంచి ఒంట్లోకి వెళ్తుంది. తొలి రోజుల్లోనే సరైన యాంటీబయాటిక్ పడితే చక్కగా తగ్గిపోతుంది. ఆలస్యమైతే కిడ్నీలు, లివరు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రెండో అనుమానం స్క్రబ్ టైఫస్. పొదల్లో, గట్ల మీద గడ్డిలో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుడితే వస్తుంది. ఆ పురుగులు ఎలుకలను పట్టుకునే బతుకుతాయి. ఆయన చంకలు, గజ్జలు, నడుము చుట్టూ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూడండి. అది నొప్పి పుట్టదు, అందుకే చాలామంది చెప్పరు. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఈ రెండు జబ్బుల మీదా పనిచేస్తుంది. కానీ షాపులో కొనుక్కుని మీరే వేయకండి. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, బిలిరుబిన్, మూత్ర పరీక్ష చేసి, డెంగీ, మలేరియా కాదని చూసుకుని డాక్టరే మొదలుపెట్టాలి. యాంటీబాడీ పరీక్షలు మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, వాటి కోసం మందు ఆపాల్సిన పని లేదు. ఈలోగా నొప్పుల ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్ బిళ్లలు వద్దు. డెంగీ అయినా, కిడ్నీల మీద భారం ఉన్నా అవి కీడు చేస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, దగ్గులో రక్తం కనిపించినా వెంటనే అడ్మిట్ చేయించాలి.

ఆసుపత్రిలో ‘ఇంట్లో ఎలుకలున్నాయి, ఆయన పొలంలో దిగుతారు’ అని మీ అంతట మీరే చెప్పండి. ఓపీలో రద్దీలో ఉన్న డాక్టరు అడగకపోవచ్చు. ఆ రెండు మాటలు వైద్యం దారినే మార్చేస్తాయి. వాటిని ఎవరూ చెప్పక రోజుల తరబడి వైరల్ ఫీవర్ పేరుతో నడిచిన కేసులు నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇక గది సంగతి. ఆదివారం ఊడిస్తే సోమవారం సాయంత్రం జ్వరం వచ్చిందన్నారు. లెప్టో బయటపడటానికి మామూలుగా 5 నుంచి 14 రోజులు, స్క్రబ్ టైఫస్‌కు వారం పది రోజులు పడుతుంది. ఎలుకల నుంచి వచ్చే హాంటా వైరస్ జబ్బులకైతే ఒక్కోసారి నెల దాటుతుంది. అంటే ఆయన జ్వరానికి బీజం ఆ గది ఊడ్చినప్పుడు పడలేదు, అంతకు ముందే ఎక్కడో పడింది. ఊడ్చింది చూశారు కాబట్టి ఆ రెంటినీ కలిపేశారు. అలా కలపడం సహజం, మిమ్మల్ని తప్పుపట్టను.

మీరు వాట్సాప్‌లో చూసింది లాంగ్యా వైరస్ గురించి అయి ఉంటుంది. చైనాలో షాన్‌డాంగ్, హెనాన్ రాష్ట్రాల్లో 2018 నుంచి 2021 మధ్య జ్వరంతో వచ్చిన 35 మందిలో అది కనిపించింది. ఎక్కువమంది రైతులే. 2022లో వివరాలు బయటికొచ్చాయి. అక్కడ 25 రకాల చిన్న అడవి జంతువులను వెతికితే, పరీక్షించిన 262 చుంచెలుకల్లో 71 వాటిలో ఆ వైరస్ ఆనవాళ్లు దొరికాయి. కేరళను భయపెట్టిన నిపా వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. అందుకే అంత గోల అయింది. కానీ ఆ 35 మందిలో ఎవరూ చనిపోలేదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటిన ఆధారమూ దొరకలేదు.

మనకు మరీ దగ్గరి కథ ఇంకొకటుంది. 1964లో తమిళనాడులో వెల్లూరు దగ్గర తొట్టపాళెంలో ఒక చుంచెలుక నుంచి ఒక వైరస్‌ను వేరుచేశారు. మీ ఇంట్లో కీచుమంటూ గోడ వెంట పరుగెత్తే చుంచెలుకే అది, అదే జాతి. అది హాంటా కుటుంబానిదని తర్వాత తేలింది. ఆ ఊరి పేరే దానికి పెట్టారు. అరవై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో చుంచెలుకలు తిరుగుతూనే ఉన్నాయి, ఆ వైరస్ వల్ల జనంలో జబ్బు చెలరేగిన దాఖలా లేదు.

చుంచెలుక నిజానికి ఎలుక కాదు. పురుగులు తిని బతికే వేరే కుటుంబం. భూమ్మీద పాలిచ్చే జంతువుల జాతుల్లో సుమారు 40 శాతం ఎలుకల జాతివే, 20 శాతం దాకా గబ్బిలాలు. ఇన్ని జాతులుంటే, ఒక్కోదానిలో దాని సొంత వైరస్‌లు లక్షల ఏళ్లుగా కాపురం ఉంటే, వెతికిన కొద్దీ కొత్తవి దొరుకుతూనే ఉంటాయి. దొరికిన ప్రతిదీ మనిషికి ఎక్కదు. వైరస్ జంతువు మూత్రంలోనో లాలాజలంలోనో బయటికి రావాలి, ఎండకు చావకుండా మిగలాలి, మన ముక్కులోకో గాయంలోకో చేరాలి, మన కణాల తలుపుకు దాని తాళంచెవి సరిపోవాలి, పైగా ఒంట్లోని రక్షణ వ్యవస్థను దాటాలి. ఇందులో ఎక్కడ తెగినా కథ ముగిసినట్టే.

అలాగని తేలిగ్గా తీసుకోమనను. జర్మనీలో ఒక జాతి చుంచెలుక మోసే బోర్నా వైరస్ ఏటా కొద్దిమందికే సోకుతుంది, కానీ సోకినవారిలో దాదాపు అందరూ మెదడువాపుతో చనిపోతున్నారు. అది మనుషులకూ సోకుతుందని 2018లో గానీ తేలలేదు. ఆ జాతి చుంచెలుక మన దేశంలో లేదు. 1993లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో వానలు బాగా పడి, తిండి దొరికి, ఒక రకం ఎలుకలు విపరీతంగా పెరిగాయి. వాటి హాంటా వైరస్‌తో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక చనిపోయారు. ఇప్పటికీ ఆ జబ్బు సోకినవారిలో మూడో వంతుకు పైగా మరణిస్తున్నారు. అక్కడి డాక్టర్లు మొదట అడిగేది, మూసి ఉన్న గదులు ఈమధ్య ఊడ్చారా అనే. ఎండిన మూత్రం, పెంటికలు దుమ్ముగా లేచి ముక్కులోకి వెళ్లడమే దానికి దారి. మీ ధాన్యం గదికి పనికొచ్చే పాఠం ఇది ఒక్కటే.

కాబట్టి పొడి చీపురు ఆ గదిలోకి రానివ్వకండి. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండాలి. మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, లీటరు నీళ్లకు 30 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్, అంటే రెండు పెద్ద చెంచాలు కలిపి పెంటికల మీద, గూళ్ల మీద బాగా తడిసేలా చల్లాలి. పది నిమిషాలు నాననిచ్చి పాత గుడ్డతో ఎత్తి, కవరులో మూటకట్టి పారేయాలి. ఆ నీళ్లలో బాత్‌రూమ్ యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఈ పని మీరు చేయకూడదు, పక్కన నిలబడి చూడటమూ వద్దు. ఇంటి చిట్టెలుకల్లో ఎల్‌సీఎంవీ అనే వైరస్ ఉంటుంది. పెద్దవాళ్లకు మామూలు జ్వరంలా వచ్చిపోతుంది గానీ, గర్భిణికి సోకితే బిడ్డ మెదడు, చూపు దెబ్బతినే ప్రమాదముంది. మీకు సోకిందని కాదు, దూరంగా ఉండమని చెబుతున్నాను. మీకు జ్వరం వస్తే మాత్రం ఆ రోజే గైనకాలజిస్టుకు చూపించుకోండి. మామయ్య గారి మందులు మీరు వేసుకోవద్దు, గర్భిణులకు వేరే మందులు వాడతాం. ఆయనకు లెప్టో అయినా, స్క్రబ్ టైఫస్ అయినా పక్కన కూర్చుంటే మీకు అంటదు, ధైర్యంగా అన్నం పెట్టండి.

ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. మందు పెట్టి చంపడం నాకు నచ్చదు. గోడ సందులో చచ్చిపడితే దాన్ని చేత్తో తీయాల్సి వస్తుంది, నెల తిరిగేసరికి కొత్తవి వస్తాయి. చుంచెలుక బొద్దింకల్ని తింటుంది, బస్తాలు కొరికేది ఎక్కువగా ఎలుకలే. గోడ కన్నాలు సిమెంటుతో పూడ్చండి, బస్తాలను చెక్కల మీద నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పేర్చండి, రాత్రిపూట ఎంగిలి గిన్నెలు ఉంచొద్దు.

ఒక మాట అడగాలి. మీ వైపు పొలాల్లో ఎలుకల బుట్టలు పెట్టడానికి యానాదుల్ని పిలుస్తారు కదా. తమిళనాడులో ఎలుకలు పట్టే ఇరులర్ గిరిజనుల రక్తంలో, ధాన్యం గోడౌన్ల పనివాళ్ల రక్తంలో హాంటా వైరస్ యాంటీబాడీలు కనిపించాయి, అంటే ఆ రకం వైరస్ వాళ్లకు ఎప్పుడో సోకిన గుర్తులన్నమాట. మన పంటను కాపాడేవాళ్లు మనకంటే ఎన్నో రెట్లు దగ్గరగా ఆ జంతువుల్ని తాకుతున్నారు. ఈసారి వాళ్లొచ్చినప్పుడు రబ్బరు గ్లౌజులు, చేతులు కడుక్కోవడానికి సబ్బు మీరే ఇవ్వండి. వాళ్లింట్లో ఎవరికైనా జ్వరమంటే ఎలుకల సంగతి చెప్పి చూపించుకోమనండి.

మామయ్య గారి రిపోర్టులు రాగానే నాకు మళ్లీ రాయండి.