డ్రాగ్ కారు (నేరుగా సాగే తక్కువ దూరపు పందేలకు కట్టే కారు) వెనక ఫ్రేముకు ట్యూబు మందం 2 మి.మీ. చాలా, 3 మి.మీ. కావాలా?

స్టీల్ బాడీ ఉంచి, వెనక సగం కొత్తగా కట్టి ఫోర్‌లింక్ (వెనక ఇరుసును నాలుగు రాడ్లతో ఫ్రేముకు కలిపే సస్పెన్షన్) బిగించే కారుకైతే 2×3 అంగుళాల మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) ట్యూబు, 0.120 అంగుళాల (సుమారు 3 మి.మీ.) మందంలో తీసుకోండి. 0.083 (2.1 మి.మీ.) తేలికే, మీటరుకు 5.8 కిలోల బదులు 4.1. కానీ రెండు రెయిళ్లకూ (ఫ్రేములో పొడవునా సాగే ట్యూబులకు) కలిపి ఐదు మీటర్లు పడితే మిగిలేది ఎనిమిదిన్నర కిలోలే. దానికోసం పల్చనిది వేయడం నాకు సబబనిపించదు.

పల్చటి ట్యూబు మధ్యలో విరగదు. లాంచ్‌లో, అంటే కారు ఒక్కసారిగా బయల్దేరేటప్పుడు, లింక్ రాడ్లు ముందుకు తోసినప్పుడు వాటిని పట్టి ఉంచే బ్రాకెట్ వెల్డు అంచు వెంబడి చీలుతుంది. అందుకే బ్రాకెట్ కింద దానికంటే వెడల్పైన 3 మి.మీ. ప్లేటు వేయాలి. బోల్టు ట్యూబు గుండా పోయేచోట లోపల స్లీవ్ (బోల్టు పట్టే చిన్న గొట్టం) పెట్టి వెల్డ్ చేయాలి, లేకపోతే బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోయి బోల్టు వదులవుతుంది.

క్రోమోలీకి (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కుకు) బలం ఎక్కువే గానీ, వంగకుండా నిలిచే గుణం మైల్డ్ స్టీల్‌తో సమానం. అదే సైజులో మందం తగ్గిస్తే ఫ్రేము ఎక్కువ ఊగుతుంది, సస్పెన్షన్ సెట్టింగు నిలకడగా పనిచేయదు.

రోల్ కేజ్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే ట్యూబుల గూడు) లెక్క వేరు. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం క్వార్టర్ మైలు (పావు మైలు) 9.99 సెకన్లలో, అంతకంటే వేగంగా పరిగెత్తే చాలా కార్లకు కేజ్ తప్పనిసరి. మెయిన్ హూప్ (డ్రైవర్ వెనక నిలిచే ప్రధాన వంపు) 1.75 అంగుళాల ట్యూబు. మందం మైల్డ్ స్టీల్‌కు కనీసం 0.118 అంగుళాలు, క్రోమోలీకి 0.083. క్రోమోలీని టిగ్‌ (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో చేసే వెల్డింగ్) తోనే వెల్డ్ చేయాలి. వెల్డును గ్రైండ్ చేసి నునుపు చేస్తే ఒప్పుకోరు.