స్టీవెన్స్ ఎవరు?

ప్రశ్న: బానిసత్వ నిర్మూలన అనగానే లింకన్ పేరే చెబుతారు. థాడియస్ స్టీవెన్స్ అనే వకీలు కూడా ఉన్నాడట, ఎవరాయన?

జవాబు: నన్నడిగితే, ఆనాటి అమెరికా ప్రతినిధుల సభలో ఆయనంత పదునైన నోరు ఇంకొకరికి లేదు. 1792లో వెర్మాంట్‌లో పేదింట, వంకర పాదంతో పుట్టాడు. పెన్సిల్వేనియాలో వకీలుగా స్థిరపడి, పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఫీజు పుచ్చుకోకుండా వాదించాడు. 1835లో అక్కడి శాసనసభ ఉచిత బడుల చట్టాన్ని ఎత్తివేయబోతే, ఆయన ప్రసంగమే దాన్ని నిలబెట్టిందంటారు. ఎంత మొండివాడంటే, 1868లో అధ్యక్షుడు జాన్సన్‌పై అభిశంసన విచారణకు, నడవలేని స్థితిలో కుర్చీలో మోయించుకుని మరీ వెళ్లాడు. జాన్సన్ ఒక్క ఓటుతో గట్టెక్కాడు. ఆ ఆగస్టులోనే స్టీవెన్స్ కన్నుమూశాడు. జాతి భేదం పాటించని శ్మశానాన్ని ముందే ఎంచుకుని, కారణాన్ని సమాధి రాతిపై చెక్కించమన్నాడు.