ఎంజీబీ మీటర్ల మరమ్మతు గురించి సుధీర్‌కు

చిరంజీవి సుధీర్‌కు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన గ్యారేజీ వారి కాగితమూ అందాయి. 1978 నాటి ఎంజీబీ జీటీ కారు కొన్నావని మీ పిన్ని చెప్పగానే సంతోషించాను. ఇంగ్లండులో, అదీ డిడ్‌కాట్‌లో ఉంటూ ఆ బండి కొనడంలో ఒక అందం ఉంది. నీ ఇంటికి పది మైళ్ళ లోపే ఉన్న ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు ఈ కార్లను తయారు చేశారు, ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీని మూసేశారు. సరే, అసలు విషయానికి వస్తాను. పెట్రోలు మీటరు, ఉష్ణోగ్రత మీటరు రెండూ బండి తీసిన కాసేపటికే పైకి ఎక్కి అక్కడే కూర్చుంటున్నాయని, రెండు మీటర్లనూ మార్చి ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచి మీటరుకు చెప్పే సెండరు కొత్తది వేయడానికి వ్యాట్ కాకుండా 610 పౌండ్లు అవుతుందని గ్యారేజీ వారు రాసిచ్చారని అన్నావు. ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకు.

ముప్ఫై ఏళ్ళకు పైగా మత్తు డాక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక, తెర మీద అంకె తేడాగా కనిపిస్తే ఏం చేయాలో నాకు చేతులకే అలవాటైంది. ముందు రోగిని చూస్తాం, తర్వాత రోగికి తగిలించిన తీగను చూస్తాం, యంత్రాన్ని అనుమానించడం అన్నిటికన్నా చివర. పాత కార్ల మెకానిక్కులలో చాలామంది దీన్ని తలకిందులు చేసి మొదట మీటరునే మార్చేస్తారు, ఎందుకంటే బిల్లులో అది స్పష్టంగా చూపించగలిగే వస్తువు. నువ్వు కూడా మొదట ఇంజనునే చూడు. చల్లటి ఇంజనులో నీళ్ళ మట్టం సరిగా ఉందో లేదో చూసి, ఇరవై నిమిషాలు నడిపి, వేడెక్కిన నీళ్ళను రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ అమర్చిన చోట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చూపించి చదువు. మామూలుగా వాడే థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అంకె ఆ చుట్టుపక్కలే ఉండి, మీటరులో ముల్లు మాత్రం వేడిని సూచించే హెచ్ మీద ఉంటే, అప్పుడే మీటరు అబద్ధం చెబుతోందని అనుకోవచ్చు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయవద్దని నీకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండు మీటర్లు ఒకేసారి, ఒకే వైపుకు తప్పు చూపడమే ఇక్కడ అసలు ఆధారం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మీటర్లు ఒకే వారం చెడిపోవడం అరుదు, కాబట్టి ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. అది డ్యాష్‌బోర్డు వెనక ఉండే అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు డబ్బా, దాన్నే వోల్టేజి స్టెబిలైజరు అంటారు. స్మిత్స్ కంపెనీ చేసిన ఈ మీటర్లు వేడితో పనిచేస్తాయి. లోపల ఒక రెండు లోహాల పట్టీ చుట్టూ సన్నటి తీగ ఉంటుంది, కరెంటు పారితే ఆ తీగ వేడెక్కి, పట్టీ వంగి, ముల్లును నెమ్మదిగా జరుపుతుంది. బ్యాటరీ వోల్టేజి ఇంజను ఆగి ఉంటే పన్నెండు, తిరుగుతుంటే పద్నాలుగు దాకా ఉంటుంది కనుక, మీటరుకు ఎప్పుడూ సగటున పది వోల్టులే అందేలా చూడటానికి స్టెబిలైజరును పెట్టారు. దానిలోనూ అలాంటి పట్టీయే ఉండి, వేడెక్కి వంగినప్పుడు కరెంటును తెంచుతుంది, చల్లారినప్పుడు మళ్ళీ కలుపుతుంది. ఆ పట్టీ వేడెక్కాలంటే డబ్బాకు ఎర్త్, అంటే బండి ఇనుప ఒంటితో సంబంధం, ఉండాలి. నలభై ఏళ్ళలో ఆ ఎర్త్ తుప్పుపట్టి పోతే పట్టీ ఎప్పటికీ వంగదు, కరెంటు తెగదు, బ్యాటరీలో ఉన్నదంతా నేరుగా మీటర్లకు పోయి రెండు ముళ్ళూ పైకి ఎక్కుతాయి. నువ్వు రాసిన లక్షణం అచ్చం ఇదే.

పరీక్ష పది నిమిషాల పని. చివరన క్లిప్పులు ఉన్న ఒక తీగ తీసుకుని, ఒక కొసను స్టెబిలైజరు ఒంటికి, రెండో కొసను రంగు లేని శుభ్రమైన ఇనుముకు తగిలించి, తాళం తిప్పి ఒక నిమిషం ఆగి చూడు. ఈ మీటర్లు బద్ధకస్తులు, అర నిమిషం దాకా కదలవు, కాబట్టి తొందరపడకు. ముళ్ళు రెండూ దిగి తమ చోటికి వస్తే నీ జబ్బు దొరికినట్టే, మందు ఒక స్క్రూ, కాస్త గరుకు కాగితం. దిగకపోతే, బి అని ఉన్న కొస దగ్గర బ్యాటరీ కరెంటు వస్తోందో లేదో, ఐ అని ఉన్న కొస నుంచి ఏం పోతోందో వోల్టు మీటరుతో కొలువు. ఇక్కడ డిజిటల్ మీటరు నిన్ను కంగారు పెడుతుంది, అంకెలు పిచ్చెత్తినట్టు మారుతూ ఉంటాయి. పాతకాలపు ముల్లు మీటరు తగిలిస్తే, ముల్లు సున్నాకూ పన్నెండుకూ మధ్య ఊపిరి తీసినట్టు లేచి పడుతూ కనిపిస్తుంది. అలా లేచి పడకుండా పన్నెండు మీదే నిలబడితే స్టెబిలైజరు పోయింది, కొత్తది కొనుక్కో. ఇప్పుడు కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రకం కూడా దొరుకుతుంది, నా బండిలో అదే ఉంది. పాత రకమే వేస్తే డబ్బా మీద పైకి ఉండాలని గుర్తు పెట్టిన వైపు పైకే ఉండేలా బిగించాలి.

ఎప్పుడైనా పెట్రోలు మీటరు ఒక్కటే తప్పు చూపిస్తే, అప్పుడు తీగ, సెండరు, మీటరు అనే వరుసలో వెళ్ళు. తాళంచెవి బయటికి తీసేసి, ట్యాంకు దగ్గర సెండరుకు వచ్చే ఆకుపచ్చ-నలుపు తీగను విడదీసి, ఆ తీగకూ ఎర్త్‌కూ మధ్య 68 ఓమ్‌ల రెసిస్టరు (కరెంటును తగ్గించే చిన్న ముక్క) పెట్టి, తాళం మళ్ళీ తిప్పితే ముల్లు సగం దగ్గర ఆగాలి. ఆగితే మీటరు, డ్యాష్‌బోర్డు నుంచి వెనకదాకా వచ్చే తీగ రెండూ నిర్దోషులు, ఇక చూడవలసింది సెండరూ దాని ఎర్తూ. పెట్రోలు ఆవిరి ఉండే చోట నిప్పురవ్వ రాకూడదు, అందుకే తీగలు తగిలించేటప్పుడూ విడదీసేటప్పుడూ తాళంచెవి బయటికి తీసే ఉండాలి. ట్యాంకును ఖాళీ చేయకుండా సెండరు రింగును విప్పవద్దు, అది ట్యాంకు పక్కగోడలో ఉంటుంది, పెట్రోలు నీ మోచేతి మీదుగా కారుతుంది. మీటరు వెనక రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, అవి ఫ్యాక్టరీలో ముల్లును సరిచేసేవి, వాటిలో స్క్రూడ్రైవరు దూర్చకు.

నా కథ కూడా చెప్పాలి. 1989లో నేను కొన్న 1971 నాటి బండిలో పెట్రోలు ముల్లు లేవడమే మానేసింది. ఒక గ్యారేజీ వారు మొదట మీటరు మార్చారు, తర్వాత సెండరు మార్చారు, మూడు వారాలు, రెండు బిల్లులు, ముల్లు మాత్రం ఖాళీ మీదే ఉంది. ఆసుపత్రిలో మా లిఫ్టులను చూసే ఒక ముసలి ఎలక్ట్రీషియన్ వచ్చి, బండి కిందకు దూరి, ట్యాంకు నుంచి వచ్చే నల్లటి ఎర్త్ తీగ స్క్రూ విప్పి, దాని చుట్టూ తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. ముల్లు లేచింది. అతను టీ మాత్రం తాగి వెళ్ళాడు. ఆ రెండు బిల్లులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, కావాలని దాచుకున్నాను.

ఆయిల్ ప్రెషర్ మీటరు సంగతి వేరు, దాని విషయంలో ఈ తాపీతనం పనికిరాదు. నీ బండిలో దానికి కరెంటుతో పని లేదు, ఇంజను నుంచి నూనెనే సన్నటి గొట్టం ద్వారా మీటరు దాకా తెస్తారు. ఇంజను వేడెక్కి రోడ్డు మీద పోతున్నప్పుడు చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్లు, నిలబడి తిరుగుతున్నప్పుడు 10 నుంచి 25 పౌండ్లు చూపితే మామూలే. అంతకన్నా బాగా తక్కువ చూపితే మీటరే తప్పని సర్దిచెప్పుకోకుండా ఇంజను ఆపేసి, నూనె మట్టం చూసి, అరువు తెచ్చిన మంచి మీటరుతో సరిపోల్చే దాకా బండి తీయకు. ఇంజను దగ్గర ఉండే రబ్బరు గొట్టం ఎంత పాతదో కూడా చూడు. అది పగిలితే నూనె అంతా రోడ్డు పాలవుతుంది.

స్పీడోమీటరు ముల్లు వణికితే చాలావరకు గేర్‌బాక్సు నుంచి దాన్ని తిప్పే కేబులు ఎండిపోవడమో, మలుపులో నలగడమో కారణం. సెకండ్‌హ్యాండ్ స్పీడోమీటరు కొనవలసి వస్తే ముఖం మీద చిన్న అక్షరాలతో 1280 వంటి అంకె ఉంటుంది, మైలుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. గేర్‌బాక్సుకు సరిపడే అంకె ఉన్నదే తీసుకో.

ఇక డబ్బు సంగతి. నీ గ్యారేజీ వారు మోసగాళ్ళని నేను అనడం లేదు. వారికి గంటకు ఇంత అని లెక్క, డ్యాష్‌బోర్డు వెనక చేయి దూర్చి వెతకడం విసుగు పని, వస్తువు మార్చి పంపేయడం సులువు. అందుకే నువ్వు అడిగే తీరు మారాలి. "మీటర్లు బాగుచేయండి" అనకుండా, "తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక గంట మించకుండా డబ్బిస్తాను, ఏం కొలిచారో, ఎంత వచ్చిందో కాగితం మీద రాసివ్వండి, ఆ తర్వాతే వస్తువుల సంగతి మాట్లాడుకుందాం" అను. కనిపెట్టిన పనికి డబ్బు ఇవ్వడానికి వెనకాడకు, మంచి ఎలక్ట్రీషియన్ గంట ఖర్చు అనవసరపు మీటరు కన్నా చవక. వారిచ్చిన కాగితం అంచనానా, మారని కొటేషనా అన్నది తేల్చుకో, ఎందుకంటే అంచనా పెరగవచ్చు. పెరిగితే ఎంత దాటాక నీకు ఫోను చేయాలో అదే కాగితం మీద రాయించు. తీసేసిన పాత వస్తువులు నీకే తిరిగివ్వాలని ముందే చెప్పు. పాత స్మిత్స్ మీటరు చెడిపోయినా పారేయకూడదు, పాత మీటర్లు బాగుచేసే నిపుణులు దాన్ని మళ్ళీ నడిపించగలరు, కొత్తగా చేసి అమ్మే నకళ్ళ కన్నా అదే మేలని నా అభిప్రాయం.

ఈ దేశంలో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పనిని తగిన శ్రద్ధతో, నేర్పుతో చేయాలి, ముందుగా ధర అనుకోకపోతే సమంజసమైన ధరే తీసుకోవాలి. పని సరిగా చేయకపోతే మళ్ళీ చేయించుకునే హక్కు నీకుంది. అయితే మరమ్మతు చేసినవారు బిల్లు కట్టే దాకా బండిని తమ దగ్గరే ఉంచుకోవచ్చన్నదీ చట్టమే. కాబట్టి గొడవ వస్తే కౌంటరు దగ్గర అరవకుండా, బిల్లు మీద "అభ్యంతరం ఉన్నా చెల్లిస్తున్నాను" అని రాసి, డబ్బు కట్టి బండి తెచ్చుకుని, తర్వాత ఉత్తరం రాయి. ఆ డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టు. 100 పౌండ్లు దాటిన పనికి 1974 నాటి కన్సూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షను కింద కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. స్పీడోమీటరు ఎప్పుడు విప్పినా అప్పటి మైళ్ళ అంకెను బిల్లు మీద రాయించి ఫొటో తీసి దాచు, రేపు అమ్మేటప్పుడు అడుగుతారు. నలభై ఏళ్ళు దాటిన ఈ బండికి ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో ఏటా చూసేది) తప్పనిసరి కాదు కనుక, ఏటేటా ఎవరో ఒకరు చూస్తారన్న ధీమా నీకు లేదు. ఈ మీటర్లే నీకు కళ్ళు.

నా ముల్లు మీటరును కొత్త బ్యాటరీ వేసి రేపు పోస్టు చేస్తున్నాను, 68 ఓమ్‌ల రెసిస్టరు, క్లిప్పుల తీగ అదే పెట్టెలో ఉంటాయి. మీ పిన్ని గోంగూర పచ్చడి సీసా కూడా పెడతానంటోంది, అందుకని విప్పేటప్పుడు జాగ్రత్త. ముందు స్టెబిలైజరు ఎర్త్ చూసి, ముళ్ళు దిగాయో లేదో నాకు ఫోను చెయ్యి, ఆ తర్వాతే గ్యారేజీ వారికి జవాబు ఇద్దాం. పని అయ్యాక మీటరు తిరిగి పంపించు, నా బండిలో కూడా ఈ మధ్య ఉష్ణోగ్రత ముల్లు కాస్త వంకరగా చూస్తోంది.

ఇట్లు,
మీ బాబాయి